చిరుగుచెవిది వంతు

హోబర్ట్ కొట్లో ఉప్పుదిమ్మ ఇటుకపొడి రంగు,
యాభై పౌండ్లు.
నిద్రపోయిన ఏడేళ్ళ పిల్లని ఎత్తుకున్నట్టు
ఎత్తుకెళ్ళి ట్రక్కు వెనక పెడతాను.
"ఎల్డన్‌కి ఎలా ఉంది?" అంటాడు హోబర్ట్.
"ఉన్నాడు" అంటాను.

మార్చిలో డాక్టరమ్మ మా వంటింట్లో ఉప్పు మాన్పించింది.
బీన్సు చప్పన, గుడ్డు చప్పన,
ముప్ఫయ్యెనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి
మాటలూ చప్పన.
"ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు,
నాకు రెండూ లేవు" అని
ఆరు గీతల నీళ్ళసీసాని
బల్ల మీద గిరగిరా తిప్పుతాడు.

కొండ ఎక్కొద్దన్నారు కూడా.
అందుకని ఈ ఏడు వేటకి కాళ్ళు నావి, నోరు అతనిది.
"ఓక్ మొద్దు మీద పెట్టు, నేల మీద కాదు,
వాన నాకిందంటే జింకలకి మిగలదు.
కెమెరా నడుమెత్తున కట్టు, ఉత్తరం చూడనీ.
ముందున్న గడ్డి పీకెయ్, లేకపోతే
గాలికి ఊగిన ప్రతి పరకనీ దుప్పి అనుకుంటుంది వెర్రిది."
చేతులకి రబ్బరు తొడుగులు వేసుకోమన్నాడు,
మనిషి వాసన తగలకూడదట.
అంట్లు తోమే తొడుగులే వేసుకెళ్ళాను.

శనివారం శనివారం చిప్ తెచ్చి
అతని ఒళ్ళో ల్యాప్‌టాప్ పెడతాను.
రాత్రి బొమ్మలన్నీ బూడిద రంగు,
కళ్ళు మాత్రం ఆర్పడం మరిచిపోయిన హెడ్‌లైట్లు.
దిమ్మ మీద దర్జాగా కూర్చున్న రకూన్.
టాలీల కుక్క.
ఎడమచెవి చిరిగిన ఆడజింక, వెనకే దాని పిల్ల,
వీపు మీద చుక్కలు ఇంకా మాయలేదు.
జూలైలో, కొమ్ములకి మఖమలు తొడిగిన మగది:
"ఎనిమిది కొనలు! తొమ్మిదా? పెద్దది చెయ్, పెద్దది చెయ్!"
పెళ్ళిలో నన్నలా చూసిన గుర్తు లేదు.

నాకగా నాకగా దిమ్మ నడుమ గుంట పడింది,
పాత గుర్రపు జీనులా.
కరిగిన ఉప్పు మొద్దులోకి దిగితే
మొద్దునే కొరుకుతున్నాయి, తర్వాత మట్టిని.
ఇలా మట్టి నాకడానికి వచ్చీ పోయీ
ఒకప్పుడు అడవిదున్నలు
ఈ కెంటకీ కొండల్లో దారులు తొక్కాయట.
ఇప్పుడా దారి మీద స్కూలు బస్సు తిరుగుతుంది.

ఆగస్టు మూడో వారం
చిప్ ముందు నేనే చూశాను.
తెల్లవారుజామున నాలుగూ నలభై ఒకటి,
డెబ్బై రెండు డిగ్రీలు, సగం చందమామ.
బొమ్మ అంచున చెట్టుని పట్టుకున్న ఒక చెయ్యి.
నాలుగూ నలభై ఆరు. అదే చెట్టు, అదే చెయ్యి.
ఊపిరికి ఐదు నిమిషాలు.
నాలుగూ యాభై. చారల పైజమాలో ఎల్డన్,
మొద్దు ముందు మోకాళ్ళ మీద,
చూపుడువేలు దిమ్మ గుంటలో.
తర్వాతి బొమ్మలో వేలు నోట్లో ఉంది,
కళ్ళు మూసుకున్నాడు.
అన్ని వందల బొమ్మల్లో
కళ్ళు వెలగని జంతువు అదొక్కటే.

ఐదూ ఏడు.
పది అడుగుల దూరంలో చిరుగుచెవిది,
తన వంతు కోసం నిలబడి.

కోపమొచ్చింది.
పక్క ఖాళీ అయినా నాకు మెలకువ రాలేదని
అంతకన్నా కోపమొచ్చింది.
ఆ బొమ్మలు తీసేసి చిప్ అతనికిచ్చాను.
"ఈ వారం పెద్దగా ఏమీ రాలేదు."
"ఊఁ" అన్నాడు, కిటికీలోంచి చూస్తూ.

సోమవారం పలుగు పట్టుకెళ్ళి
మిగిలిన దిమ్మని కిందకి దొర్లించుకొచ్చాను,
పెరటి కంచె దాటి నలభై అడుగులు, చదును నేల.
కెమెరాని అక్కడే వదిలేశాను,
ఖాళీ మొద్దుకి కాపలా.

"అంత కిందకి తెచ్చావేం?" అన్నాడు.
"జింకలు ముసలివైపోతున్నాయి" అన్నాను,
"కొండ ఎక్కలేకపోతున్నాయి."

చాలాసేపు ఏమీ అనలేదు.
సీసా అందుకుని ఐదో గీత దాకా తాగి
మిగిలిన గుక్కెడూ
నా వైపు జరిపాడు.